ట్యూబ్‌లో కాటన్‌కి బూజు పట్టింది, చీమల్ని ఇప్పుడే మార్చాలా?

చీమల్ని పెంచేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. టెస్ట్ ట్యూబ్‌లో వెనక నీళ్ళు, మధ్యలో కాటన్ పెట్టి గండుచీమ రాణిని ఉంచా, అది ఏమీ తినకుండానే ఒంట్లో ఉన్నదాంతోనే మొదటి పిల్లల్ని పెంచేసింది, ఇప్పుడు వర్కర్లు (పనిచేసే చీమలు) తిరుగుతున్నాయి (మొదటి బ్యాచ్ సన్నగానే ఉంటాయిలెండి, దాని గురించి కాదు నా గోల). నీళ్ళవైపు కాటన్ నల్లగా బూజు పట్టింది, వర్కర్లేమో గుడ్లూ, ప్యూపాలుండే గూళ్ళూ నోట కరుచుకుని ఇవతలి మూత దగ్గరికి మోసుకొచ్చేస్తున్నాయి. కొత్త ట్యూబ్ ఆనించి పాతదాని మీద వెలుతురు పడేలా పెడితే వాటంతటవే మారతాయంటారు, కానీ రాణి బెదిరి గుడ్లు తినేస్తుందేమోనని భయం. తట్టి దులపడం మాత్రం నా వల్ల కాదు. ఇంకోటి, చక్కెర నీళ్ళు ఎగబడి తాగుతున్నాయి గానీ లార్వాలకి ప్రోటీన్ కావాలి కదా అని వేసిన దోమని ముట్టుకోవట్లేదు, ముక్కలు చేసి పెట్టాలా?