వాల్ మిక్సర్ మార్చాక గీజర్ నీళ్ళు గోరువెచ్చగానే వస్తున్నాయి

చందానగర్ ఫ్లాట్:
మూడో అంతస్తు. 25 లీటర్ల నిలువు గీజర్, 2000 వాట్లు. రెండు బాత్రూములకీ అదొక్కటే. మొన్న ఆదివారం కామన్ బాత్రూములో పాత వాల్ మిక్సర్ (వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపి ఇచ్చే గోడ ట్యాపు) తీసేసి కొత్తది నేనే బిగించాను. చలికాలంలో అమ్మానాన్నలకి వేడినీళ్ళు అందుతాయని హెల్త్ ఫాసెట్ (కమోడ్ పక్కన మీట నొక్కి వాడే చేతి స్ప్రే) కూడా ఆ మిక్సర్ కింది పాయింటుకే తగిలించాను. పనిలో పనిగా, గీజర్ కింద నీళ్ళు చెమరుస్తున్నాయని కనెక్షన్ పైపులు రెండూ కొత్తవి వేశాను. సేఫ్టీ వాల్వ్ (ట్యాంకులో ఒత్తిడి పెరిగితే నీళ్ళు వదిలేది) విప్పి, ఉప్పు గీకేసి, టెఫ్లాన్ చుట్టి మళ్ళీ బిగించాను. ఇప్పుడు ఎక్కడా లీకు లేదు.

కానీ అప్పట్నుంచి మాస్టర్ బాత్రూములో వేడి ట్యాపు ఒక్కటే తిప్పినా గోరువెచ్చటి నీళ్ళే. గీజర్ ఎర్ర లైటు అరగంటకి ఆరిపోతోంది. థర్మోస్టాట్ చివరిదాకా తిప్పే ఉంది. ఎలిమెంట్ (నీళ్ళని వేడిచేసే కడ్డీ) పోయిందా? కొత్తది తెచ్చేయమంటారా?

పైపులపని:
ఎలిమెంట్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. లైటు ఆరిందంటే లోపలి నీళ్ళు కావలసినంత వేడెక్కాయి, థర్మోస్టాట్ కరెంటు ఆపేసిందని అర్థం. 22 డిగ్రీల నీళ్ళు 25 లీటర్లు 60కి చేరడానికి 2000 వాట్లతో 33 నిమిషాలు పడుతుంది. మీ అరగంట దానికి సరిపోయింది. ఎలిమెంట్ తెగితే చాలా గీజర్లలో లైటు వెలుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం వేడెక్కవు. అంటే ట్యాంకులో వేడి ఉంది, ట్యాపు దగ్గరికి వచ్చేలోపు చన్నీళ్ళు కలుస్తున్నాయి. ఎక్కడ కలుస్తున్నాయో చూడాలి.

ముందు గీజర్ ఎంసీబీ దించేయండి, స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు. తర్వాత గీజర్‌కి చన్నీళ్ళు వెళ్ళే యాంగిల్ కాక్ (గోడ దగ్గరుండే చిన్న ట్యాపు) పూర్తిగా కట్టేయండి. కామన్ బాత్రూములో మిక్సర్ నాబులు రోజూ ఎలా వదిలేస్తారో అలాగే ఉంచండి, ఇది మరిచిపోవద్దు. ఇప్పుడు మాస్టర్‌లో వేడి ట్యాపు ఒక్కటే తిప్పి ఒక నిమిషం చూడండి. పైపులో మిగిలిన కాసిన్ని నీళ్ళు కారి ఆగిపోవాలి. ధార ఆగకుండా వస్తుంటే అవి గీజర్ నీళ్ళు కావు, చన్నీళ్ళ లైను నుంచి అడ్డదారిన వస్తున్నవి.

అలా వస్తే కామన్ బాత్రూము మిక్సర్ నాబులు రెండూ గట్టిగా కట్టి మళ్ళీ చూడండి. అప్పుడూ తగ్గకపోతే గీజర్ దగ్గర బైపాస్ వాల్వ్ ఉందేమో వెతకండి. గీజర్ లేని రోజుల్లో కూడా వేడి ట్యాపులో నీళ్ళు రావాలని ప్లంబర్లు ఇన్‌లెట్ (చన్నీళ్ళు లోపలికి వెళ్ళేది), అవుట్‌లెట్ (వేడినీళ్ళు బయటికి వచ్చేది) పైపుల మధ్య ఒక బాల్ వాల్వ్ పెట్టి కలుపుతారు. అది కాస్త తెరుచుకుని ఉన్నా ఇదే గొడవ.

చందానగర్ ఫ్లాట్:
చూశాను సర్. యాంగిల్ కాక్ కట్టేసినా మాస్టర్‌లో ధార నిండుగా వచ్చింది, చల్లటి నీళ్ళు. కామన్ మిక్సర్ నాబులు రెండూ కట్టగానే ఆ ధార ఆగిపోయింది. కానీ ఆ తర్వాత కూడా సన్నగా వేడినీళ్ళు గుడగుడమంటూ వస్తూనే ఉన్నాయి. బైపాస్ వాల్వ్ లేదు.

పైపులపని:
దొరికింది. హెల్త్ ఫాసెట్‌కి గోరువెచ్చగా రావాలని మిక్సర్ రెండు నాబులూ తెరిచి వదిలేస్తున్నారు, నీళ్ళు ఆపేది మాత్రం చేతిలోని మీట. మీట వదిలాక బయటికి దారి లేదు, లోపల మాత్రం వేడి లైను, చల్లటి లైను మిక్సర్ బాడీలో ఒకటై ఉన్నాయి. మాస్టర్‌లో వేడి ట్యాపు తిప్పగానే వేడి లైనులో ఒత్తిడి తగ్గుతుంది. గీజర్ మీదుగా రావడం కంటే మిక్సర్ గుండా రావడం నీళ్ళకి సులువు కాబట్టి చన్నీళ్ళు అటునుంచే దూరతాయి.

అసలైన మందు: హెల్త్ ఫాసెట్‌ని మిక్సర్ నుంచి తీసి, టూ వే (రెండు దారులుండే) యాంగిల్ కాక్‌తో చన్నీళ్ళ లైనుకే ఇవ్వండి, మిక్సర్ కింది పాయింటుకి డమ్మీ (మూసేసే మూత) బిగించండి. వేడి తప్పనిసరైతే వాడిన ప్రతిసారీ నాబులు రెండూ కట్టేయాలి. మీట మీద ఆధారపడి వదిలేస్తే ఒత్తిడికి హెల్త్ ఫాసెట్ గొట్టం కూడా ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. మరో దారి, మిక్సర్ రెండు కాళ్ళ (వేడి, చల్లటి నీళ్ళు వచ్చే చోట్ల) దగ్గరా 15 ఎంఎం నాన్ రిటర్న్ వాల్వులు (నీళ్ళని ఒకే దిక్కుకి వదిలేవి) పెట్టడం. ఓవర్‌హెడ్ ట్యాంకు మీకు పది మీటర్ల పైన ఉంటే వచ్చేది ఒక బార్ ఒత్తిడే. ట్యాంకు కిందే ఉండే పై అంతస్తు వాళ్ళకి అదీ ఉండదు, వాటిలో స్ప్రింగ్ ఉండే రకం వేస్తే షవర్ ధార తగ్గిందని బాధపడాలి.

ట్యాంకు కింద:
పైన చెప్పింది సరైనదే, కానీ ఆ గుడగుడ నాకు నచ్చలేదు. నిలువు గీజర్‌లో అవుట్‌లెట్ గొట్టం లోపల దాదాపు పైకప్పు దాకా పోతుంది, ఇన్‌లెట్ అడుగునే ఆగిపోతుంది. చన్నీళ్ళు కింద చేరి, పైన తేలిన వేడినీళ్ళని బయటికి తోస్తాయి. కనెక్షన్ సరిగ్గా ఉంటే ఇన్‌లెట్ కట్టగానే ట్యాంకులోంచి నీళ్ళు రావడం ఆగాలి. మీకు సన్నగా వస్తూనే ఉన్నాయంటే ట్యాంకు అడుగు నుంచి ఖాళీ అవుతోంది, గుడగుడ దాని బదులు లోపలికి పోయే గాలిది. పైపులు మార్చినప్పుడు రెండూ తారుమారు చేసినట్టున్నారు. ఎంసీబీ ఎత్తకండి. ట్యాంకులో నీళ్ళు దిగిపోయి ఎలిమెంట్ బయటపడి ఉండొచ్చు, అప్పుడు కరెంటిస్తే నిమిషాల్లో మాడిపోతుంది.

గీజర్ అడుగున చూడండి, నీలం రింగు ఇన్‌లెట్, ఎరుపు రింగు అవుట్‌లెట్. సేఫ్టీ వాల్వ్ నీలం వైపే ఉండాలి, దాని మీది బాణం ట్యాంకు వైపు చూడాలి. ఆ వాల్వు నీళ్ళని ఒకే దిక్కుకి వదులుతుంది. పైపులు మాత్రమే మారి ఉంటే ట్యాపులో గీజర్ నీళ్ళే వచ్చేవి కావు. మీకు వస్తున్నాయి కాబట్టి వాల్వు కూడా ఎరుపు వైపు బిగించి ఉంటారు.

సరిచేసేటప్పుడు కింద బకెట్ పెట్టుకోండి, నీళ్ళు చేయి కాల్చేంత వేడిగా ఉంటాయి, చల్లారనివ్వండి. టెఫ్లాన్ వాల్వు మరలకే, బిగించే దిక్కున ఎనిమిది పది చుట్లు. కనెక్షన్ పైపు నట్టుకి టెఫ్లాన్ వద్దు, అక్కడ లీకు ఆపేది లోపలి రబ్బరు వాషరే. చేత్తో బిగించి, స్పానర్‌తో అర చుట్టు చాలు. ఇంకా తిప్పితే వాషర్ నలిగి అక్కడే కారుతుంది. యాంగిల్ కాక్ తెరిచి, వేడి ట్యాపులో గాలి పోయి నిండు ధార వచ్చాకే ఎంసీబీ ఎత్తండి.

చందానగర్ ఫ్లాట్:
మీరన్నట్టే వాల్వు ఎరుపు రింగుకి ఉంది. మార్చేశాను. హెల్త్ ఫాసెట్ చన్నీళ్ళకి ఇచ్చాను. మాస్టర్‌లో ఇప్పుడు పొగలు కక్కే నీళ్ళు. చన్నీళ్ళు కలుపుకుంటే 20 లీటర్ల బకెట్లు రెండు స్నానానికి సరిపడా వస్తున్నాయి, ఆ తర్వాత చల్లబడుతున్నాయి. ఇది మామూలేనా? ఇంకొకటి, గీజర్ ఆన్‌లో ఉన్నంతసేపూ సేఫ్టీ వాల్వు గొట్టం నుంచి చుక్కలు పడుతున్నాయి.

ట్యాంకు కింద:
మామూలే. 60 డిగ్రీల నీళ్ళు 25 లీటర్లకి 22 డిగ్రీల నీళ్ళు కలిపి 40కి తెస్తే లెక్క ప్రకారం 53 లీటర్ల దాకా రావాలి. కానీ వాడుతుండగా చన్నీళ్ళు లోపలికి వచ్చి కలుస్తాయి కాబట్టి రెండు బకెట్లంటే గీజర్ బాగా పనిచేస్తున్నట్టే.

చుక్కలకి కంగారు పడకండి. 25 లీటర్లు ఆ వేడికి వ్యాకోచిస్తే 350 మిల్లీలీటర్లకి పైగా పెరుగుతాయి. వాల్వు వాటిని వెనక్కి లైనులోకి పోనివ్వదు కాబట్టి ఆ గొట్టం నుంచే వదులుతుంది. గొట్టాన్ని సన్నటి పైపుతో ఫ్లోర్ ట్రాప్ (నేలలో నీళ్ళు పోయే జాలీ) దాకా దింపండి, చివర మాత్రం తెరిచే ఉంచండి. చాలామంది అక్కడ డమ్మీ కొట్టేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. ఆ ఒత్తిడి ట్యాంకు మీద పడుతుంది. గీజర్ ఆపి చల్లారాక కూడా ధారగా కారుతుంటే అప్పుడు వాల్వు సీటులో ఉప్పు ఇరుక్కుందని అర్థం. దాని చిన్న మీట రెండు మూడు సార్లు ఎత్తి వదలండి, ఆగకపోతే వాల్వు కొత్తది వేయండి.