పాఠశాల గ్రంథాలయ శిక్షణ ఎవరికి దక్కాలి: లైబ్రేరియన్‌కా, బీరువా తాళంచెవి ఉన్న టీచరుకా?

హనుమకొండ గురుకుల లైబ్రేరియన్:

నేను హనుమకొండ జిల్లాలోని ఒక గురుకులంలో తొమ్మిదేళ్లుగా లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. ఈ వేసవిలో మాకు మూడు రోజుల వృత్తి శిక్షణ ఏర్పాటు చేశారు. సబ్జెక్టు టీచర్లతో కలిపి మమ్మల్ని కూర్చోబెట్టి, పాఠ్యపథకం రాయడం, అభ్యసన ఫలితాలను మదింపు చేయడం, ప్రశ్నపత్రాన్ని రూపొందించడం అనే అంశాలతో రెండున్నర రోజులు నడిపారు. గ్రంథాలయం ప్రస్తావన మూడో రోజు భోజనాలైన తరువాత అరగంట సేపు వచ్చింది; అందులోనూ వక్త పుస్తకం హస్తభూషణం అన్న మాట దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగించారు. హాజరు పట్టికలో మా హోదాకు గడి లేనందున 'ఇతరులు' అన్న వరుసలో సంతకం చేసి వచ్చాను.

దీన్ని నా ఒక్కడి అలకగా తీసుకోవద్దని మనవి. 2020 జాతీయ విద్యా విధానం ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాసాన్ని నిర్దేశించింది. అదే పత్రం గ్రంథాలయాల దగ్గరికి వచ్చేసరికి, తగినంత సిబ్బంది ఉండాలనీ, వారి ఉద్యోగోన్నతికీ నిరంతర వృత్తి వికాసానికీ తగిన మార్గాలు రూపొందించాలనీ చెప్పి ఊరుకుంది. గంటల లెక్క లేదు. కళాశాల లైబ్రేరియన్లకు యూజీసీ నిబంధనల కింద రిఫ్రెషర్ కోర్సులున్నాయి, వాటికి పదోన్నతిలో విలువ ఉంది. 2023లో గురుకుల నియామక బోర్డు పాఠశాలల కోసం 434 లైబ్రేరియన్ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు లైబ్రరీ సైన్సు పట్టాను అర్హతగా అడిగింది. ఉద్యోగంలో చేరాక ఆ చదువుకు కొనసాగింపు ఏమిటన్నది మాత్రం ఎవరి పట్టింపూ కాలేదు.

అందువల్ల నా ప్రతిపాదన ఇది. గ్రంథాలయ శిక్షణ ఉపాధ్యాయ శిక్షణ నుంచి పూర్తిగా వేరుపడాలి, ఏటా ఐదు రోజులు జరగాలి, లైబ్రరీ సైన్సు చదివినవారికే పరిమితం కావాలి. ఏకీభవించనివారు కారణాలతో రాయగలరు.

ములుగు జిల్లా ఎస్‌జీటీ:

సార్, మీ మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు, మూడో మాటతోనే ఉంది. నేను ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. ఇద్దరమే టీచర్లం. బీరువా తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది కాబట్టి లైబ్రరీ ఇన్‌ఛార్జిని నేనే. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాలకు గ్రంథాలయ గ్రాంటు ఏటా 5,000 రూపాయల వరకు ఉంటుంది. మా బడికి వచ్చిన పుస్తకాలలో ఏది ఒకటో తరగతికి పనికివస్తుంది, ఏది ఐదో తరగతికి నిలుస్తుంది అని విడదీయడం నాకెవరూ నేర్పలేదు. బొమ్మలు ఎక్కువగా ఉన్నవి చిన్నవాళ్లకు, తక్కువగా ఉన్నవి పెద్దవాళ్లకు అని నాకు తోచినట్లు సర్దాను. అది తప్పని తరువాత తెలిసింది, ఎందుకంటే బొమ్మ పెద్దదైనా దాని కింద వాక్యం నాలుగు వరుసలు ఉన్న పుస్తకాలు చాలా ఉన్నాయి.

2022 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో వంద రోజుల పఠన కార్యక్రమం మొదలైంది. మంచి ఆలోచనే. అయితే ఇంట్లో కోయ మాట్లాడే మూడో తరగతి పిల్ల తెలుగు కథలోని ప్రతి అక్షరాన్నీ తప్పు లేకుండా పలికి, కథలో ఏం జరిగిందమ్మా అని అడిగితే నా ముఖం చూసి నవ్వింది. ఆ నవ్వు దగ్గర నాకు శిక్షణ కావాలి. చివరకు ఐదో తరగతి పిల్లవాడొకడిని పిలిచి ముందుగా కథను కోయలో చెప్పించి, ఆ తరువాత పుస్తకం తెరిపించాను. అది సరైన పద్ధతో కాదో ఇప్పటికీ అడగడానికి మనిషి లేడు. మీరు కోరిన ఐదు రోజుల శిక్షణ గది తలుపు పట్టా ఉన్నవారికే తెరుచుకుంటే, పట్టా ఉన్న మనిషే లేని మా బడుల సంగతి ఏమిటి?

ఇంకొక మాట. మీ ఊళ్లోనే 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయాన్ని నిలబెట్టినవారిలో ఎవరి దగ్గరా లైబ్రరీ సైన్సు పట్టా లేదు. దేశంలో అటువంటి చదువు బరోడాలో 1911లో గాని మొదలు కాలేదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, జనగామ:

టీచరమ్మ గారి కష్టం నాకు తెలియనిది కాదు, కానీ ఆమె అడుగుతున్నది అందరి మేలు కోరి అడుగుతున్నదే అయినా అందులో ఒక చిక్కు ఉంది. ఉత్సాహమే చాలేదైతే 1929లో మన దేశ గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారు మద్రాసులో లైబ్రరీ శిక్షణ తరగతులు మొదలుపెట్టవలసిన అవసరం ఉండేది కాదు. ఇక చిక్కు సంగతి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి పాఠశాలకూ గ్రంథాలయం ఉండాలనీ, అందులో దినపత్రిక, పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలు ఉండాలనీ రాశారు. అదే షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలుంటే చిత్రకళకు, వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని కూడా రాశారు. పుస్తకాలు తీసి ఇచ్చే మనిషి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ఖాళీని మనం ఇన్నాళ్లూ 'ఇన్‌ఛార్జి' అనే మాటతో పూడుస్తున్నాం. ఇప్పుడు ఆ ఇన్‌ఛార్జికి శిక్షణ కూడా ఇచ్చి సర్టిఫికెట్ చేతిలో పెడితే, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారు, కొత్త పోస్టు ఎందుకు అని ఫైలు మీద రాయడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున ప్రజలు కడుతున్న గ్రంథాలయ పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థలకు వెళ్తుంది. ఆ పన్నుకు ఆధారమైన 1960 గ్రంథాలయాల చట్టం పౌర గ్రంథాలయాల కోసం చేసినది, బడి లైబ్రరీలు దాని నీడలోకి రావు. (అది వేరే చర్చ, ఇక్కడ ఆపుతున్నాను.)

శిక్షణ కంటే ముందు తేలవలసిన విషయం మరొకటి ఉంది. నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులొకరు లైబ్రరీ ఇన్‌ఛార్జిగా ఉండి, పిల్లలకు ధారాళంగా పుస్తకాలు ఇచ్చేవారు. ఆయన బదిలీ అయినప్పుడు ఛార్జి అప్పగింతలో నలభై ఆరు పుస్తకాలు తక్కువ తేలాయి. ఆ సొమ్ము ఆయన జేబులోంచి కట్టించుకున్నారు. తరువాత వచ్చిన ఇన్‌ఛార్జి ఆ బీరువాను మూడేళ్లలో రెండుసార్లు తెరిచినట్లు గుర్తు, రెండుసార్లూ తనిఖీ రోజునే. ఏ శిక్షణ ఆ తాళాన్ని తీయగలదో చెప్పండి.

కేంద్ర ప్రభుత్వ పాఠశాల లైబ్రేరియన్, వరంగల్:

పెద్దాయన చెప్పిన నలభై ఆరు పుస్తకాల సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. మాకు వర్తించే 2017 సాధారణ ఆర్థిక నియమావళిలో 215వ నియమం ఉంది. ఇరవై వేల సంపుటాలకు మించని గ్రంథాలయంలో ఏటా మొత్తం పుస్తకాలను సరిచూడాలి. ఒక ఏడాదిలో ఇచ్చిన, సంప్రదించిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు పోయినా, అందులో నిర్లక్ష్యం గాని అక్రమం గాని లేనంతవరకు సమంజసమైన నష్టంగానే పరిగణించవచ్చు. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు.

ఈ లెక్క దేని మీద కట్టారో గమనించండి. బీరువాలో ఎన్ని పుస్తకాలున్నాయన్నదాని మీద కాదు, పాఠకుల చేతుల్లోకి ఎన్ని వెళ్లాయన్నదాని మీద. ఏడాదికి ఆరు వేల సార్లు పుస్తకం ఇచ్చిన లైబ్రరీకి ముప్పై పుస్తకాల వరకు వెసులుబాటు ఉంటుంది, తాళం తీయని లైబ్రరీకి ఒక్కటి కూడా ఉండదు. జనగామ పండితులు ఏడాదికి మూడు వేల సార్లు ఇచ్చి ఉంటే, మూడేళ్లలోనే నలభై ఐదు పుస్తకాల నష్టం ఈ నియమం ప్రకారం మామూలు విషయమయ్యేది. ఇది రాష్ట్ర పాఠశాలలను కట్టే నియమం కాదు, నిజమే. అయినా ఒక శిక్షణలో ఈ ఒక్క పేజీ చదివించి, ఇష్యూ రిజిస్టర్ తేదీలతో సహా సక్రమంగా రాయడం ఎందుకు అవసరమో చెప్పి, ఇదే తరహా వెసులుబాటును రాష్ట్ర స్థాయిలో అడగడానికి ప్రధానోపాధ్యాయులను ఒప్పించగలిగితే, పఠనాభిరుచి మీద ఇచ్చే పది ఉపన్యాసాల కంటే మేలు. అందుకే ఆ రోజు ప్రధానోపాధ్యాయులు కూడా గదిలో ఉండాలంటాను. రికవరీకి సంతకం పెట్టేది వారే గనుక.

హనుమకొండ గురుకుల లైబ్రేరియన్:

టీచర్ గారి ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే నా చదువు గురించి చెప్పాలి. దూరవిద్యలో బీఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్సు డిగ్రీ) చదివినప్పుడు ప్రాక్టికల్స్ అంటే పుస్తకాలను విషయాన్ని బట్టి సంఖ్యలతో విడదీసే డ్యూయీ దశాంశ వర్గీకరణ, రంగనాథన్ గారి కోలన్ వర్గీకరణ, కేటలాగు కార్డులు. పరీక్షలో ఇచ్చిన శీర్షికకు వర్గ సంఖ్య కట్టడంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఆ విద్యంతా ఉపయోగించి బీరువాలు సర్దాను. తెలుగు సాహిత్యానికి డ్యూయీ సంఖ్య 894.827. జానపద కథలైతే 398.2. నా దగ్గరున్న తెలుగు పుస్తకాలలో అధిక భాగం ఈ రెండు సంఖ్యల కిందే చేరి, ఐదో తరగతి పిల్లవాడు చదవగలిగే పది పేజీల కథా, డిగ్రీ విద్యార్థి చదవవలసిన నవలా ఒకే అరలో భుజం భుజం కలిపి నిలబడ్డాయి. పిల్లలు వచ్చి అర ముందు నిలబడి, చేతికి అందినది తీసి, రెండు పేజీలు తిప్పి, తిరిగి పెట్టి వెళ్లేవారు. వర్గీకరణలో తప్పు లేదు. అది పెద్ద గ్రంథాలయంలో విషయాన్ని వెతికేవాడి కోసం పుట్టిన పద్ధతి, చదవడం నేర్చుకుంటున్న పిల్లల కోసం పుట్టినది కాదు.

చివరకు పుస్తకాల వీపుల మీద రంగు చుక్కలు అంటించి, వాక్యాల పొడవును బట్టి నాలుగు స్థాయిలుగా విడదీశాను. ఈ పని నాకు నేర్పినది పట్టా కాదు, ఒక ప్రాథమిక పాఠశాల టీచరు. బాలసాహిత్యం ఎలా ఎంచాలి, కథను బిగ్గరగా ఎలా చదివి వినిపించాలి, చదవలేని పిల్లవాడి పక్కన ఎలా కూర్చోవాలి అన్నవి మా పాఠ్యాంశాలలో లేవు. అందువల్ల 'లైబ్రరీ సైన్సు చదివినవారికే' అన్న నా మూడో షరతును వెనక్కి తీసుకుంటున్నాను. పట్టా ఉన్న నాకూ, లేని ఆమెకూ అసలు లోటు ఒక్కటే అయినప్పుడు తలుపు దగ్గర పట్టా అడగడంలో అర్థం లేదు.

అయితే ఉపాధ్యాయ శిక్షణలో కలిపేయడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. కలిపినప్పుడల్లా మిగిలేది భోజనాల తరువాతి అరగంటే.

ప్రైవేటు పాఠశాల లైబ్రేరియన్, కాజీపేట:

అందరూ రిజిస్టర్ల దగ్గరే ఆగిపోయారు. న్యూజిలాండ్‌లో 1999లో తయారైన కోహా అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఉచితం. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ వారి ఇ-గ్రంథాలయ కూడా ఉంది. శిక్షణలో మొదటి స్థానం వీటికి ఇవ్వాలని నా అభిప్రాయం.

హనుమకొండ గురుకుల లైబ్రేరియన్:

తమ్ముడూ, కోహా మీద రెండు రోజుల వర్క్‌షాపుకు నేనూ వెళ్లాను. తిరిగివచ్చాక దాన్ని పెట్టడానికి సర్వర్ లేదు, ఉన్న ఒక్క కంప్యూటర్ ఆఫీసులో ఉంది. మూడు వేల పుస్తకాల బడికి ఎక్సెల్ పట్టిక చాలు. యాభై వేలున్న కళాశాల సంగతి వేరు, అక్కడ మీ మాటే నిజం.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, జనగామ:

లైబ్రేరియన్ గారు షరతు వెనక్కి తీసుకోవడం వారి పెద్ద మనసు. నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. పట్టా ఉన్న గురుకుల లైబ్రేరియన్లకే స్టడీ అవర్లు, రాత్రి డ్యూటీలు, సెలవు పెట్టిన టీచరు బదులు సర్దుబాటు పీరియడ్లు అప్పజెప్తున్న రోజులివి. పోస్టు ఉన్నచోటే పని ఇలా ఉంటే, పోస్టు లేనిచోట శిక్షణ ఇవ్వడమంటే అదనపు భారాన్ని సర్టిఫికెట్ ఇచ్చి శాశ్వతం చేయడమే. కనీసం ఆ సర్టిఫికెట్ మీద 'ఇది లైబ్రేరియన్ పోస్టుకు ప్రత్యామ్నాయం కాదు' అన్న వాక్యం అచ్చు వేయించండి, అప్పుడు నేను మాట్లాడను.

ములుగు జిల్లా ఎస్‌జీటీ:

ఆ వాక్యం అచ్చు వేయించడానికి నాకు అభ్యంతరం లేదు సార్, పెద్ద అక్షరాల్లోనే వేయించండి. కానీ పోస్టు మంజూరయ్యే వరకు నా బీరువా ముందున్న పిల్లలు ఐదో తరగతి దాటి వెళ్లిపోతారు. నాకు సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. రెండు రోజులు చాలు. ఒక రోజు రంగు చుక్కలు పెట్టిన ఆ లైబ్రరీలో కూర్చుని స్థాయిలు విడదీయడం చూస్తాను, ఇంకొక రోజు మీరంతా మా బడికి వచ్చి కోయ పిల్లల ముందు కథ చదవాలి. లంబాడీ పిల్లలున్న మహబూబాబాద్ టీచర్లు కూడా వస్తే ఇంకా మంచిది, వాళ్లు ఆ భాషలో ఏం చేస్తున్నారో నేను చూడాలి. ప్రొజెక్టరు, వేదిక, శాలువాలు వద్దు.

హనుమకొండ గురుకుల లైబ్రేరియన్:

సవరించిన ప్రతిపాదన రాస్తున్నాను. ఐదు రోజులలో మొదటి రెండు రోజులు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే వారికి, పట్టాతో నిమిత్తం లేకుండా, టీచర్ గారు చెప్పినట్లు ఒక రోజు గురుకులంలో, ఒక రోజు ఏజెన్సీ బడిలో. మూడో రోజు ప్రధానోపాధ్యాయులతో కలిసి స్టాక్ తనిఖీ, నష్టం లెక్క; కేంద్ర నియమావళి ప్రతి తెచ్చే బాధ్యత వరంగల్ మిత్రులది. మిగిలిన రెండు రోజులు లైబ్రేరియన్లకు విడిగా. జనగామ సార్ చెప్పిన వాక్యాన్ని ముందుమాటలోనూ, సర్టిఫికెట్ మీదా రాస్తాను. పోస్టుల విషయంలో ఆయనా నేనూ ఒకే మాట మీద ఉన్నాం. శిక్షణ ఇస్తే పోస్టు పోతుందన్న భయం దగ్గరే మా దారులు వేరు.

తేదీలు ఇంకా పెట్టలేదు. పదో తరగతి పరీక్షల ముందు ఉన్నత పాఠశాలల నుంచి ఎవరినీ వదలరు.

ములుగు జిల్లా ఎస్‌జీటీ:

మాఘమాసంలో కూడా పెట్టకండి సార్. మేడారం జాతర వచ్చే ఏడాదైతే మా వైపు రోడ్ల మీద బస్సు కదలదు. వర్షాకాలంలో వాగులు ఉంటాయి. నవంబరు అయితే నేను తాళంచెవి తీసుకుని వస్తాను.