అప్‌డేట్: సాయంత్రాలు ఏడుపు, పాలు చాలట్లేదేమోనన్న అనుమానం

మా పాప సాయంత్రం మొదలుపెడితే అర్ధరాత్రి దాకా ఏడుస్తోంది, పాలు చాలట్లేదు డబ్బా పాలు పట్టమని ఇంట్లో అందరూ అంటున్నారు, ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పిల్లల డాక్టర్‌కి చూపించాం. ఆవిడ ముందు అడిగింది ఏడుపు గురించి కాదు, రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోందని. 6 సార్లు, అంతకు మించి అయితే పాలు సరిపోతున్నట్టేనట. తూకం వేస్తే పుట్టినప్పటి బరువు దాటేసింది. మొదటి వారంలో కొంచెం తగ్గి, రెండు వారాలకల్లా మళ్లీ ఆ బరువుకి రావడం మామూలేనట. డబ్బా పాలు అక్కర్లేదు, 6 నెలల దాకా తల్లిపాలే, ఎండాకాలమైనా మంచినీళ్లు కూడా వద్దన్నారు. విటమిన్-డి చుక్కలు రోజుకి 400 ఐయూ రాశారు. ఈ సాయంత్రం ఏడుపు ఆరో వారానికి బాగా ముదిరి, మూడు నాలుగు నెలలకి తగ్గుతుందట. అంటే ఇంకా పెరగాలన్నమాట, ఖర్మ!

తేనె దగ్గరే గొడవైంది. నాలిక మీద రాస్తే మాటలు బాగా వస్తాయని అత్తయ్యగారి పట్టు. ఏడాదిలోపు పిల్లలకి తేనెతో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావొచ్చని డాక్టర్ చేతే చెప్పించాను. నేను చెబితే వినేవారు కాదు లెండి.

రాత్రి పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, డైపర్ మార్చడం నా డ్యూటీ. ఆ కాసేపూ మా ఆవిడ పడుకుంటోంది. 6 వారాలకి పెంటావాలెంట్, పోలియో, రోటా టీకాలున్నాయి. ఆ రోజుకి సెలవు ఇప్పుడే పెట్టేశాను.