"పేరు గొప్ప ఊరు దిబ్బ": అమెరికా కోచ్‌లకు ఈ సామెత అతుకుతుందా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి టెక్సస్‌లో చదువుకుంటున్నాడు. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే ఊరంతటికీ పండగే. కాలితో తన్నుతూ ఆడే మన ఫుట్‌బాల్ కాదు, కోలబంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. కోట్లు పోసి, ఊరేగింపుగా తెచ్చుకున్న కోచ్‌లు చాలామంది రెండు మూడేళ్ళకే చతికిలబడతారని మొన్న ఫోనులో చెప్పాడు. "పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నమాట" అన్నాను. ఆ సామెత అక్కడ సరిగ్గా పడిందంటారా? పెద్దలు చెప్పాలి.

జవాబు

పడలేదనే నా అభిప్రాయమండీ. పేరుకు తగిన సరుకు మొదటి నుంచీ లేని చోట వాడే సామెత అది. ఊరి పేరు ఘనంగా వినిపిస్తుంది, వెళ్ళి చూస్తే మట్టిదిబ్బ తప్ప ఏమీ ఉండదు. ఈ కోచ్‌లలో ఎక్కువమంది పేరు కష్టపడి సంపాదించుకున్నదే.

మీ అబ్బాయి ఉన్న రాష్ట్రంలోని సంగతే చూడండి. జింబో ఫిషర్ అనే కోచ్ 2013లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం జట్టును జాతీయ విజేతగా నిలిపాడు. 2017 చివర్లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఆయనకు పదేళ్ళకు 7.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. 2020లో జట్టు ఒక్క మ్యాచే ఓడింది. మరుసటి ఏడాది ఒప్పందాన్ని పొడిగించి జీతం కూడా పెంచారు. 2023 నవంబరులో తీసేశారు. మిగిలిన ఒప్పందం కింద ఆయనకు ముట్టజెప్పాల్సింది 7.5 కోట్ల డాలర్లు దాటింది. రమ్మన్నప్పుడు పదేళ్ళ పనికి ఒప్పుకున్న దానికన్నా వద్దన్నప్పుడు ఇవ్వాల్సిందే ఎక్కువైంది! అయినా ఏ అండ్ ఎంలో ఆయన లెక్క 45 గెలుపులు, 25 ఓటములు. దీన్ని దిబ్బ అనడానికి నాకు నోరు రాదు. ఆశించిన జాతీయ కిరీటం రాలేదు, అంతే.

అందుకే ఇక్కడ "దూరపు కొండలు నునుపు" అనడం న్యాయం. ఆ సామెతలో కొండను నిందించరు. కొండ ఎప్పుడూ కొండే, రాళ్ళూ ముళ్ళూ దానికి ఉండనే ఉంటాయి. లోపమంతా దూరం నుంచి చూసి మురిసిన కంటిది. ఫిషర్ విషయంలో రాళ్ళు ముందే బయటపడ్డాయి కూడా. 2013 విజయంలో జేమిస్ విన్‌స్టన్ అనే క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, అంటే దాడిని నడిపించే ఆటగాడు. ఆ ఏడాది దేశంలోని ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనిదే. అలాంటివాడు లేని 2017లో, ఫిషర్ బయలుదేరేనాటికి ఫ్లోరిడా స్టేట్ ఐదు గెలిచి ఆరు ఓడింది. ఆ లెక్క అందరి కళ్ళ ముందే ఉంది. కానీ పిలిచేవారికి కనిపించింది 2013 ఒక్కటే.

మరో సభ్యురాలు

మీ వివరణ బాగుంది అన్నగారూ, కానీ మా ఊరి కోచ్‌కు అది కుదరదు. మేము నెబ్రాస్కాలో ఉంటాం. స్కాట్ ఫ్రాస్ట్ ఈ రాష్ట్రంలో పుట్టి పెరిగినవాడు. 1997లో ఇక్కడి జట్టు జాతీయ కిరీటం పంచుకున్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ అతనే. దూరపు కొండ ఎలా అవుతాడు? పెరటి చెట్టు కదా!

ఆయన ఆఖరి సీజన్ మొదటి మ్యాచ్, 2022 ఆగస్టులో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్‌తో జరిగింది. 28–17తో మనవాళ్ళే ముందున్నారు. అలాంటప్పుడు బంతిని దూరంగా తన్ని ఊరుకోవాలి. ఫ్రాస్ట్ మాత్రం దగ్గరలోనే తన్నించి, మళ్ళీ తామే పట్టుకోవాలని చూశాడు. బంతి అవతలివాళ్ళకు చిక్కింది. చివరికి 31–28తో ఓడిపోయాం. తర్వాత రెండు వారాలకే ఆయనను తీసేశారు. అంతకుముందు ఏడాది తొమ్మిది మ్యాచ్‌లు ఓడితే, తొమ్మిదింటిలోనూ తేడా పది పాయింట్ల లోపే. అన్నీ చేతికందినట్టే అంది జారిపోయాయి. ఇప్పటికీ తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

తిరుగు జవాబు

అమ్మా, మీ బాధ అర్థమైంది. అయితే "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అన్నది ఇంటివాళ్ళు తమవాడిని తక్కువ చేసినప్పుడు అనే మాట. ఫ్రాస్ట్‌ను మీరెవరూ తక్కువ చేయలేదు, నెత్తిన పెట్టుకున్నారు. అది కూడా ఆయన ఫ్లోరిడాలో పేరు తెచ్చుకున్నాకే. 2015లో ఒక్క మ్యాచ్ కూడా గెలవని సెంట్రల్ ఫ్లోరిడా జట్టు 2017లో ఆయన చేతిలో ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచింది. ఆ 13 గెలుపులు చాలావరకు చిన్న కూటమిలోవి. నెబ్రాస్కా ఆడేది బిగ్ టెన్ అనే పెద్ద జట్ల కూటమిలో, అక్కడ ఏటా ఎదురయ్యే జట్లు వేరు. మనిషి మీ ఊరివాడే, మీరు మురిసిన విజయం మాత్రం దూరానిది. నెబ్రాస్కాలో ఆయన 16 గెలిచి 31 ఓడాడు. కాబట్టి అక్కడా నా సామెతే నిలుస్తుందంటాను.

అసలైన పెరటి చెట్టు డాబో స్వినీ. 2008 సీజన్ మధ్యలో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం తన కోచ్‌ను వదులుకున్నప్పుడు, బంతి అందుకునే ఆటగాళ్ళకు శిక్షణ ఇస్తున్న ఆయనను తాత్కాలికంగా కూర్చోబెట్టారు. అంతకుముందు ఎక్కడా ప్రధాన కోచ్‌గా చేయనివాడు. 2016లో, 2018లో జాతీయ కిరీటం తెచ్చాడు. ఆర్భాటంగా తెచ్చుకున్నవాళ్ళ కన్నా ఇలా పెరిగినవాళ్ళ మీదే నాకు గురి ఎక్కువ.

ఇంకొకరు

మా నార్త్ కరోలినాలో బిల్ బెలిచిక్ సంగతి ఏమంటారు? వృత్తి ఫుట్‌బాల్‌లో ప్రధాన కోచ్‌గా ఆరు సూపర్ బౌల్‌లు, అంటే ఏటా జరిగే తుది పోరులు, గెలిచినవాడు. 2025లో చాపెల్ హిల్‌లోని మా విశ్వవిద్యాలయం జట్టుకు కోచ్‌గా తొలి మ్యాచే 48–14తో పోయింది. ఆ సీజన్‌లో గెలిచినవి నాలుగు, ఓడినవి ఎనిమిది. ఇప్పుడైనా "పేరు గొప్ప" అనవచ్చా?

జవాబు

ఆయనకైతే అసలే తగదండీ, ఆరు సూపర్ బౌల్‌లు ఎలా దిబ్బ అవుతాయి? "దూరపు కొండ" అనడానికి కూడా నేను తొందరపడను. నిక్ సేబన్‌ను 2007లో అలబామా ఎనిమిదేళ్ళకు 3.2 కోట్ల డాలర్లతో తెచ్చుకుంది. ఆ నవంబరులో సొంత మైదానంలోనే, ఎవరూ లెక్కచేయని లూసియానా–మన్రో చేతిలో ఓడింది. ఆ సీజన్‌లో ఏడు గెలిచి ఆరు ఓడారు. అక్కడే సామెత తగిలించి ఉంటే, తర్వాత అలబామాకు ఆయన తెచ్చిన ఆరు జాతీయ కిరీటాలకు ఏ సామెత వెతుక్కునేవాళ్ళం?