బీబీసీ మైక్రో ఫ్లాపీలు పీసీల చదవాలంటే ఎట్ల?

నల్లగొండ_పాతపెట్టె:
మా నాయిన బడిల లెక్కల సారు. 1984ల మొదలైన, బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పే క్లాస్ ప్రాజెక్టు కింద వాళ్ల బడికి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ వచ్చింది. అప్పుడు ఆయన రాసిన బేసిక్ ప్రోగ్రాములు ఐదుంబావు అంగుళాల ఫ్లాపీలల్ల ఉన్నయ్. మా పాత పీసీల పెడితే దాన్ని నడిపే డాస్ సాఫ్ట్‌వేర్ చదువుతలేదు. షాపుల అడిగితే "ఫార్మాట్ కొట్టి చూడు" అన్నరు. ఫ్లాపీలు కరాబైనట్టేనా?

పాలమూరు_సోల్డరు:
ఫార్మాట్ కొట్టకు తమ్మీ! కొడితే ఉన్నది కూడా పోతది. ముందుగాల ఫ్లాపీ అంచుకున్న నాచ్ (గంటు) మీద స్టిక్కర్ అతికియ్. ఐదుంబావు ఫ్లాపీకి నాచ్ మూస్తే రాత బంద్. మూడున్నర దానికి ఉల్టా, రంధ్రం తెరిచి ఉంటేనే బంద్.

ఫ్లాపీ మంచిగనే ఉండొచ్చు, నీ పీసీకే ఆ రాత తెల్వదు. బీబీసీ ఫ్లాపీ పద్ధతి డీఎఫ్ఎస్‌ల ట్రాకుకు (గుండ్రటి వరుసకు) 10 సెక్టార్లు (ముక్కలు), ఒక్కోటి 256 బైట్లు, రాసే తీరు సింగిల్ డెన్సిటీ ఎఫ్ఎం. డాస్ 360 కేబీ దాంట్ల 9 సెక్టార్లు, 512 బైట్లు, రాసే తీరు ఎంఎఫ్ఎం. చాలా పీసీల ఫ్లాపీ కంట్రోలర్ చిప్‌కు ఎఫ్ఎం రానే రాదు. ఇంక సాఫ్ట్‌వేర్ ఏం జేస్తది?

దేవరకొండ_కేబుల్:
బీబీసీ పెట్టె నడుస్తదా? నడిస్తే ఫ్లాపీ సంగతే వద్దు, కేబులేసి పంపియ్. వెనక ఆర్ఎస్423 పోర్టు ఉంటది, దాన్ని పీసీ సీరియల్ పోర్టుకు కలుపు. ప్రోగ్రాం లోడ్ చేసి స్టార్ ఎఫ్ఎక్స్ (*FX) 8,7 కొట్టు, 9600 స్పీడుకు వస్తది. స్టార్ ఎఫ్ఎక్స్ 5,2 కొడితే ప్రింటర్‌కు పోయేది సీరియల్‌కు పోతది. స్టార్ ఎఫ్ఎక్స్ 6,0 కూడా కొట్టు, లేకుంటే లైన్ ఫీడ్ (కొత్త లైన్ గుర్తు) పోదు. కంట్రోల్ బి నొక్కి లిస్ట్ అను, అటుదిక్కు పీసీల టెర్మినల్ ప్రోగ్రాం‌ల పట్టుకో. ఫైల్‌ను ఉన్నదున్నట్టు తెస్తే మాత్రం నోట్‌ప్యాడ్‌ల పిచ్చి గీతలే. బీబీసీ బేసిక్ కీవర్డులను టోకెన్లు (ఒక్కో మాటకు ఒక కోడు) చేసి దాచుతది.

మిర్యాలగూడ_డీటీపీ:
ప్రోగ్రాములకు సరే. తెలుగు మ్యాటర్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. పీసీలో తెలుగు చూపే సీడాక్ జిస్ట్ కార్డు కాలపు డాస్ ఫైళ్లు మా దగ్గర చాలా ఉండేవి, అన్నీ ఇస్కీ అనే భారతీయ భాషల కోడులో ఉండేవి. అందులో తెలుగు అక్షరాలన్నీ 128 పైనే ఉంటాయి. కేబుల్‌లో 7 బిట్లు పెడితే పై బిట్ రాలిపోయి 'క' కాస్తా 3 అవుతుంది, 'అ' డాలర్ గుర్తవుతుంది. పేజీ అంతా కిరాణా చిట్టీలా కనిపిస్తుంది. 8 బిట్లు పెట్టండి, పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్) వద్దు. యూనికోడ్‌లోకి మార్చుకోవడం ఆ తర్వాతి పని.

నల్లగొండ_పాతపెట్టె:
పెట్టె ఉంది గానీ చానా ఏండ్ల సంది స్విచ్ ఎయ్యలే. ఎయ్యొచ్చా?

పాలమూరు_సోల్డరు:
ఆగు! పవర్ సప్లైల రిఫా కంపెనీ కెపాసిటర్లుంటయ్. పాతబడితే పగుళ్లిచ్చి, కరెంటు ఇయ్యంగనే ఇల్లంత పొగ. అవి మార్పించినంకనే స్విచ్.

పెట్టె లేవకుంటే గ్రీజ్‌వీజిల్ బోర్డు ఉంది. ఫార్మాట్ ఏందని చూడకుండ ఫ్లాపీ మీది అయస్కాంత గుర్తుల (ఫ్లక్స్)‌నే పట్టుకొని యూఎస్బీల పంపుతది, ఎఫ్ఎం అయినా ఎంఎఫ్ఎం అయినా సాఫ్ట్‌వేర్ తర్వాత విడదీస్తది. 34 పిన్నుల కేబులు, ఐదుంబావు డ్రైవ్, దానికి 12 వోల్టులు, 5 వోల్టులు కావాలె. బజార్ల దొరికే యూఎస్బీ ఫ్లాపీ డ్రైవ్ కొనకు, అది మూడున్నరకే.

దేవరకొండ_కేబుల్:
పెట్టే ముందు ఫ్లాపీ కిటికీల చూడు. నడుమ చక్రం మెల్లగ తిప్పుకుంట చూస్తే తెల్లగ బూజు మచ్చలు కనపడతయ్. ఉంటే డ్రైవ్‌ల ఎయ్యకు, హెడ్‌కు అంటుకొని వెనకొచ్చే మంచి ఫ్లాపీని గీకుతది.

నల్లగొండ_పాతపెట్టె:
రెండిట్ల మచ్చలున్నయ్ అన్నా. మిగిలినయ్ సాఫ్. డ్రైవ్ ఎవరి దగ్గరనన్న ఉందా?

పాలమూరు_సోల్డరు:
నా దగ్గర 1.2 ఎంబీది ఉంది. దానియి 80 ట్రాకులు. నీయి 40 ట్రాకులయితే డబుల్ స్టెప్ (హెడ్ రెండేసి ట్రాకులు జరిగేటట్టు) పెట్టి చదవాలె. లేబుల్ మీద 40 అనో 80 అనో రాసి ఉందా? ఫొటో పెట్టు, బూజు పట్టినయ్ పక్కకు పెట్టు.