యూరప్ ఏఐ యాక్ట్: ఏ కాగితం చెల్లుతుందో, ఏది పాతదో ఎలా చూసుకుంటున్నారు?

నల్లకుంట_నాని (డిసెంబర్ 2025)
మాది మాదాపూర్‌లో ముప్పై మంది ఉన్న చిన్న కంపెనీ. రెజ్యూమెలు వడపోసే సాఫ్ట్‌వేర్ చేస్తాం. జర్మనీలో ఒక క్లయింట్ ఉన్నారు. నేను టెస్టింగ్ మనిషిని. అయినా "నువ్వు ఓపిగ్గా చదువుతావు కదా" అని ఏఐ యాక్ట్ (ఏఐ మీద యూరోపియన్ యూనియన్ చేసిన చట్టం) పని నా నెత్తిన పెట్టారు. నెట్‌లో దొరికిన చెక్‌లిస్టు పట్టుకుని క్లయింట్ అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు రాసి పంపాను. వాళ్ల లాయర్ నుంచి ఒకటే లైను వచ్చింది: మీరు చెప్పిన 52వ ఆర్టికల్ ఏ డాక్యుమెంటులోది? వెతికితే తెలిసింది, అది 2021 నాటి ముసాయిదాలోని నంబరు. చాట్‌బాట్ తాను మనిషిని కాదని చెప్పాలనే నియమం అప్పట్లో 52. పాసైన చట్టంలో అది 50. ఇప్పుడున్న 52లో ఉన్నది వేరే సంగతి. పరువు పోయింది. మీరంతా ఎలా ఫాలో అవుతున్నారు?

మ్యూనిక్_మామయ్య
నాని, ఆ 52 గోతిలో పడనివాళ్లు తక్కువ. నేను ఇక్కడ కంప్లయెన్స్‌లో ఉన్నాను, నాకూ పాత నంబర్లతో మెయిళ్లు వస్తూనే ఉంటాయి. ముందు యూర్-లెక్స్ సైట్‌కి (యూరోపియన్ యూనియన్ చట్టాల అధికారిక సైట్) వెళ్లి ఈ చట్టం నంబరు 2024/1689 కొట్టు. 2024 జూలై 12న అధికారిక జర్నల్‌లో వచ్చిన పాఠం దొరుకుతుంది, 113 ఆర్టికల్స్, 13 అనుబంధాలు. గూగుల్‌లో పైన కనిపించే కొన్ని సైట్లు చదవడానికి హాయిగా ఉంటాయి, చూస్తే సర్కారు సైట్లే అనిపిస్తాయి, కానీ కాదు. అడ్రసు చివర యూరోపా డాట్ ఈయూ ఉందో లేదో చూడు.

ఇంకొకటి. నేను ఏ పీడీఎఫ్ దించుకున్నా ఫైలు పేరులోనే తేదీ, దాని హోదా రాస్తాను: ముసాయిదా, ప్రతిపాదన, చట్టం, మార్గదర్శకం, ప్రశ్నోత్తరాలు. ఈ అయిదూ ఒకే ఫోల్డర్‌లో కలిసిపోయాయంటే ఇక అంతే.

కాల్‌సెంటర్_కళ్యాణి
మా అనుభవం రాస్తాను. మా ప్రొడక్టు ఫోన్‌లో గొంతు విని కోపం, చిరాకు పసిగడుతుంది. పని చేసేచోట, చదువుకునేచోట మనుషుల భావోద్వేగాలు పసిగట్టే ఏఐని 5వ ఆర్టికల్ నిషేధించింది, వైద్యం, భద్రత కారణాలు తప్ప. అది 2025 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. దాని మీద యూరోపియన్ కమిషన్ (యూనియన్ కార్యనిర్వాహక సంస్థ) వివరణ, అదే మార్గదర్శకాలు, ఎప్పుడొచ్చాయో తెలుసా? ఫిబ్రవరి 4న. పెళ్లయ్యాక శుభలేఖ అందినట్టు.

అయితే ఆ వివరణ చదవాల్సిందే. చట్టంలో రెండు లైన్లున్న చోట అందులో ఉదాహరణలు ఉంటాయి. కాల్‌సెంటర్ తన ఉద్యోగి గొంతులో కోపం కొలిస్తే నిషేధం. ఫోన్ చేసిన కస్టమర్ గొంతు కొలిస్తే ఈ నిషేధం వర్తించదు (కానీ హై-రిస్క్ జాబితాలోకి, అంటే నిషేధం లేకున్నా కఠిన నియమాలున్న వాటిలోకి వస్తుంది, అదో తలనొప్పి). రాసిన మెసేజ్ చదివి టోన్ చెబితే అది బయోమెట్రిక్ (గొంతు, ముఖం లాంటి శరీర లక్షణాల డేటా) కాదు కాబట్టి దీని కిందకి రాదు. మేం రెండు వారాలు వాదించుకున్న విషయం అరపేజీలో తేలిపోయింది. యూరప్ ఖాతాలకు ఏజెంట్ వైపు ఫీచర్ తీసేశాం.

డబ్లిన్_దోసె
కళ్యాణి గారు చెప్పింది సరే, ఒక మాట. మార్గదర్శకాలు చట్టం కాదు. కమిషన్ ఎలా అర్థం చేసుకుంటుందో చెబుతాయి, అంతే. ఆఖరి మాట లక్సెంబర్గ్‌లోని న్యాయస్థానానిది. క్లయింట్‌కి రాసేటప్పుడు "మార్గదర్శకం ప్రకారం" అనండి, "చట్టం ప్రకారం" అనకండి.

కాల్‌సెంటర్_కళ్యాణి
ఒప్పుకుంటాను. కానీ ఈ నిషేధం మీరితే జరిమానా 3 కోట్ల 50 లక్షల యూరోలు, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 7 శాతం, ఏది ఎక్కువైతే అది అంటుంటే (చిన్న కంపెనీలకు ఏది తక్కువైతే అది), న్యాయస్థానం తేల్చేదాకా ఎవరాగుతారండీ? మార్గదర్శకమే మాకు గీటురాయి.

కూకట్‌పల్లి_కోడర్
మా మేనేజర్ నవంబర్‌లో "హై-రిస్క్ నియమాల గడువు వాయిదా పడిందట, పని ఆపేయండి" అన్నారు. ఆపేశాం. నిజమేనా?

మ్యూనిక్_మామయ్య
ఇవాళ్టికి, అంటే ఈ 2025 డిసెంబర్‌కి, పడలేదు. నవంబర్ 19న కమిషన్ పెట్టింది ప్రతిపాదన మాత్రమే, డిజిటల్ ఆమ్నిబస్ అంటున్నారు. మూడో అనుబంధంలోని (ఉద్యోగ నియామకాల లాంటి వాడకాల జాబితా) హై-రిస్క్ సిస్టమ్స్‌కి ఆఖరి గడువు 2027 డిసెంబర్ 2 చేద్దామని, ఉత్పత్తుల్లో ఇమిడే వాటికి 2028 ఆగస్టు 2 చేద్దామని అందులో ఉంది. పార్లమెంటు, సభ్యదేశాల మండలి రెండూ ఒప్పుకోవాలి. అంతవరకు పుస్తకంలో ఉన్న తేదీ 2026 ఆగస్టు 2నే. ముహూర్తం మారుతుందేమో అని ఎవరో అన్నారని పందిరి పీకేస్తామా?

వైజాగ్_వెక్టర్
ఎవరైనా వాడుకోవడానికి విడుదల చేసిన ఏఐ మోడల్‌ని (ఓపెన్ మోడల్) తీసుకుని తమ పనికి తగ్గట్టు ఫైన్‌ట్యూన్ చేసేవాళ్లు 2025 జూలై 18 నాటి కమిషన్ మార్గదర్శకాలు చూడండి. మీరు మార్చడానికి వాడిన కంప్యూట్ (కంప్యూటర్ లెక్కల మొత్తం) అసలు మోడల్ శిక్షణకు పట్టినదాంట్లో మూడో వంతు దాటితేనే మీరు మార్చిన ఆ మోడల్‌కి మీరు ప్రొవైడర్ (చట్టం ముందు దాన్ని తయారుచేసి ఇచ్చినవాళ్లు) అవుతారు. మా వాడకం దాని దరిదాపుల్లో కూడా లేదు. ఆ పేజీ చదవకముందు మూడు నెలల టెన్షన్.

అమీర్‌పేట_అక్క
ఏఐ లిటరసీ (ఏఐ వాడే సిబ్బందికి దాని మీద ఉండాల్సిన అవగాహన) సర్టిఫికెట్ తప్పనిసరి అని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నా దగ్గర ఇరవై వేలు తీసుకున్నారు. తర్వాత కమిషన్ ప్రశ్నోత్తరాల పేజీ చూస్తే సర్టిఫికెట్ అవసరం లేదని రాసి ఉంది. లోపల రికార్డు పెట్టుకుంటే చాలట. ఎవరైనా కట్టేముందు ఆ పేజీ చూడండి తల్లీ.

డబ్లిన్_దోసె
అయ్యో అక్కా. అక్టోబర్ నుంచి కమిషన్‌ది ఏఐ యాక్ట్ సర్వీస్ డెస్క్ కూడా ఉంది. ఒక్కో ఆర్టికల్ విప్పి చూసుకోవచ్చు, మనకి ఏది వర్తిస్తుందో అడిగే చెకర్ ఉంది, ఫారంలో ప్రశ్న పంపొచ్చు. పైసా ఖర్చు లేదు. చెకర్ జవాబుని మాత్రం స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచుకోండి.

నల్లకుంట_నాని
చెకర్‌లో కొట్టి చూశాను. ఉద్యోగ నియామకాలు మూడో అనుబంధంలో నాలుగో అంశం, అంటే మేం హై-రిస్క్. కానీ 6వ ఆర్టికల్ మూడో క్లాజులో మినహాయింపు ఉందని, చిన్న సహాయక పని చేసే టూల్స్ బయటపడొచ్చని మా సీఈఓ అంటున్నారు. పైగా "మనం హైదరాబాద్‌లో ఉన్నాం, మనకేంటి" అని కూడా.

మ్యూనిక్_మామయ్య
రెండోది ముందు. మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫలితాన్ని యూరప్‌లో వాడితే చాలు, 2వ ఆర్టికల్ మిమ్మల్ని పట్టుకుంటుంది. ఇక మినహాయింపు. అదే క్లాజు చివర ఒక వాక్యం ఉంది, మీ సీఈఓ గారు అక్కడిదాకా వెళ్లినట్టు లేరు: మనుషుల్ని ప్రొఫైల్ చేసేది (వాళ్ల డేటా చూసి వాళ్లని అంచనా కట్టేది) ఎప్పుడూ హై-రిస్కే. మీరు అభ్యర్థులకి మార్కులు వేస్తున్నారా?

నల్లకుంట_నాని
వందకి ఇంత అని వేస్తాం.

మ్యూనిక్_మామయ్య
మరి ఇంకేముంది. 6వ ఆర్టికల్ మీద కమిషన్ మార్గదర్శకాలు 2026 ఫిబ్రవరి 2 లోపు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. క్యాలెండర్‌లో పెట్టుకో. కానీ మార్కులేసే టూల్‌ని అవి బయటపడేస్తాయని మాత్రం ఆశపడకు.

నల్లకుంట_నాని
రేపు పదకొండింటికి క్లయింట్ కాల్. మినహాయింపు స్లైడు తీసేస్తున్నాను. సీఈఓకి ఇంకా చెప్పలేదు.