జట్కా గుర్రం బొమ్మకి వీపు మీది మచ్చ వెయ్యాలా, వద్దా?

కొత్తపేట జట్కా:
మా తాతయ్యకి గుంటూరులో జట్కా ఉండేది. స్టేషన్ నుంచి బ్రాడీపేట, పట్నంబజారు కిరాయిలు. నుదుట తెల్లబొట్టు ఉండేది కాబట్టి ఆ పోనీని (పొట్టి జాతి గుర్రం) చుక్క అని పిలిచేవాళ్ళం. నాకు తెలిసిన గుర్రాల బొమ్మలే దాస్తుంటాను, ఇది మూడోది. (మొదటి రెండూ మా పక్కవీధి పెళ్ళి ఊరేగింపు గుర్రాలు.) గుర్రం బొమ్మలు చేసే అమెరికా కంపెనీ బ్రేయర్ వాళ్ళ గోధుమరంగు ప్లాస్టిక్ పోనీ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే నుదుట చుక్క పెట్టేశాను. చిక్కంతా వీపు దగ్గరే. జీను ఒరిసి పుండుపడింది. మానాక అక్కడ తెల్లవెంట్రుకలు మొలిచాయి, అరచెయ్యంత మేర. అది వేస్తానంటే అమ్మ ఒప్పుకోవట్లేదు. "మా నాన్న గుర్రాన్ని హింసపెట్టాడని షోకేసులో పెట్టి చూపిస్తావా?" అంటోంది. మీరేమంటారు?

మాచవరం డౌన్:
అమ్మగారి మాట వినండి. పైగా కంపెనీ రంగు మీద బ్రష్ పెడితే దాని రేటు పడిపోతుంది. మిస్టీ అని అమెరికాలో నిజంగా బతికిన పోనీ బొమ్మని బ్రేయరే 1972లో తెచ్చింది. అలాంటిది కొని డబ్బా విప్పకుండా ఉంచితే రేపు నాలుగు రాళ్ళొస్తాయి.

కొత్తపేట జట్కా:
అమ్ముకోవడానికి కాదన్నా. మిస్టీ నా చేతిలో గుగ్గిళ్ళు తినలేదు కదా.

వన్‌టౌన్ బాబాయ్:
మచ్చ సంగతి సరే, ఎత్తు కొలిచావా అబ్బాయ్? బ్రేయర్‌లో పెద్ద రకం 1:9 స్కేలు, అంటే అసలు గుర్రంలో తొమ్మిదో వంతు. మీ చుక్క నాలుగడుగులు, అంటే గుర్రాల ఎత్తు కొలతలో 12 హ్యాండ్స్ అనుకున్నా, బొమ్మ భుజం దగ్గర అయిదుంబావు అంగుళాలకి కాస్త అటూఇటూగా ఉండాలి. ఏడెనిమిది ఉందంటే అది జట్కా లాగిన గుర్రం కాదు, రేసు గుర్రం. అయినా కొండపల్లి పక్కనే ఉండగా ప్లాస్టిక్ ఎందుకయ్యా? తెల్లపొణికి కర్రతో చెక్కి ఇస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో మచ్చని కాస్త ఉబ్బెత్తుగా కూడా తేవచ్చు.

అరండల్‌పేట:
బాబాయ్, ఫొటో ఇచ్చి నేనూ చేయించాను. ముచ్చటగా ఉంది, కానీ అది ఉత్త గుర్రం, మా గుర్రం కాదు. కళ్ళు మరీ పెద్దవి. మాదేమో ఎప్పుడూ నిద్రమొహమే.

ఇక మచ్చ గురించి. మా నాన్నా జట్కా తోలారు. పుండు పడితే మానేదాకా బండి కట్టేవారు కాదు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో గంజే. జట్కా తోలిన ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు గుర్రానికి పుండు పడే ఉంటుంది. మాననిచ్చారా, పుండు మీదే జీను వేశారా అన్నదే చూడాలి. తెల్లవెంట్రుకలు మొలిచాయంటే మాననిచ్చినట్టే. తాతగారికి అందులో తలవంపులేమున్నాయి? వెయ్యండి.

మాచవరం డౌన్:
చూసేవాళ్ళకి ఇదంతా ఎవరు చెప్తారండీ? వాళ్ళకి కనపడేది పుండే.

కొత్తపేట జట్కా:
ఎత్తు కొలిచాను బాబాయ్, అయిదున్నర. పర్లేదు.

అరండల్‌పేట గారు రాసింది అమ్మకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అరచెయ్యంత ఎక్కడుందిరా? పాత రూపాయి బిళ్ళంత. రోజూ పసుపు, వేపనూనె రాసిందాన్ని నాకు తెలీదా?" అంది. అప్పట్లో నా అరచెయ్యే అంత ఉండేదేమో.

తొమ్మిదో వంతంటే బొమ్మ మీద పెసరగింజంత. సున్నా నంబరు బ్రష్ కొనాలి.